ముప్పై నాలుగు డిగ్రీలు

"యాభై నిమిషాలు ఏం చేశారు?" డాగ్నీ మూడోసారి అడిగింది.

"మెషిన్ని వేడెక్కించానమ్మా." ఆల్గోట్ మూడోసారీ అదే చెప్పాడు.

"యాభై నిమిషాలా?"

"నాలుగు వారాలు పడుకున్న మెషినమ్మా అది. లేచీ లేవగానే పరిగెత్తమంటే పరిగెత్తదు."

వర్క్‌షాపు కాఫీగదిలో గోడ గడియారం పది నలభై చూపిస్తోంది. పన్నెండింటికి ప్రాసిక్యూటర్ ఫోన్ చేస్తుంది. అప్పటికి కొత్త సంగతేదీ బయటపడకపోతే, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్న ఈ యాభై తొమ్మిదేళ్ళ మనిషిని హత్యాయత్నం నేరం మీద యోన్‌షోపింగ్ పట్నంలోని లాకప్‌కు తీసుకుపోతారు. ఆ సంగతి ఆల్గోట్‌కు తెలుసు. అయినా అతని ధ్యాసంతా చేతుల మీదే ఉంది. గ్రీజు ఇంకిపోయిన వేళ్ళను గుడ్డతో ఒకదాని తర్వాత ఒకటి తుడుచుకుంటున్నాడు. డాగ్నీకి అది నచ్చలేదు. ఊరికే చేతులు తుడుచుకునేవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

జరిగింది చెప్పుకుంటే నాలుగు ముక్కలే. వేసవి సెలవులకు నాలుగు వారాలు మూసిన బెర్గ్‌వాల్ వర్క్‌షాపు ఈ సోమవారం తెరిచింది. ఉదయం ఆరు నలభై ఐదుకు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే యింగ్వె పాతభవనం మేడ మీద డ్రాయింగులు దాచే గదిలోకి వెళ్ళి, యజమాని సిక్‌స్టెన్ బెర్గ్‌వాల్ నెత్తుటి మడుగులో పడి ఉండటం చూశాడు. తల పగిలి, స్పృహ లేకుండా అతనిప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టే ఉక్కు దిమ్మె పక్కనే ఉంది. ఎవరో దాన్ని శుభ్రంగా తుడిచి పెట్టారు. ఆరూ అయిదుకు సిక్‌స్టెన్ తన అక్కకు ఫోన్లో మెసేజి పంపాడు కాబట్టి అప్పటికి బాగానే ఉన్నట్టు లెక్క. గేటు దగ్గర కార్డు గీస్తేనే లోపలికి దారి. ఆ కార్డుల ప్రకారం ఆల్గోట్ ఐదూ ముప్పై ఒకటికి, సిక్‌స్టెన్ ఐదూ యాభై ఎనిమిదికి, యింగ్వె ఆరూ నలభై ఒకటికి వచ్చారు. నాలుగో మనిషి లేడు.

ఆ లెక్క వేసింది ఇన్‌స్పెక్టర్ రుత్గెర్ ఫాల్క్. పెద్ద కేసులు చూడటానికి యోన్‌షోపింగ్ నుంచి దిగిన మనిషి. డాగ్నీ కంటే పదేళ్ళు చిన్న, హోదాలో ఒక మెట్టు పెద్ద. ఆమె ఇరవై రెండేళ్ళుగా ఈ ఊరి పోలీసు స్టేషన్లోనే ఉంది. అతను కిటికీకి ఆనుకుని నిలబడి, వేలితో అద్దం మీద తాళం వేస్తున్నాడు.

"అయిందా డాగ్నీ? ఇతను నోరు తెరిస్తే మెషిన్, మూస్తే మెషిన్. నాకు కావలసింది మనిషి సంగతి."

"ఇంకో ప్రశ్న."

"ఆ ప్రశ్న నేనడుగుతాను." రుత్గెర్ వచ్చి బల్ల మీద చేతులు ఆనించాడు. "జులైలో, సెలవులకు ముందు ఆఖరి శుక్రవారం, ఇదే గదిలో కేకు కోస్తున్నారు. లోహం కోసే ఈ పాత మెషిన్ని అమ్మేసి కొత్తది తెస్తున్నానని సిక్‌స్టెన్ అన్నాడు. అప్పుడు నువ్వేమన్నావ్?"

ఆల్గోట్ గుడ్డ పక్కన పెట్టాడు. "దాన్ని గేటు దాటిస్తే నీ బుర్ర బద్దలు కొడతానన్నాను."

"పద్నాలుగు మంది విన్నారు."

"పదిహేను మంది. సిక్‌స్టెన్ కూడా విన్నాడు. విని నవ్వి, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేశాడు." అతను మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. "మేమిద్దరం ఒకే ఏడు చేరాం ఇక్కడ. వాళ్ళ నాన్న దగ్గర. ఒకణ్ణొకడు బుర్ర బద్దలు కొడతామనుకోని వారం లేదు."

"ఈ వారం కొట్టావు. మెషిన్లో వార్మప్ ప్రోగ్రాం ఒకటుందని ఫోర్‌మన్ నాకు చూపించాడు. ఆకుపచ్చ బటన్ నొక్కితే చాలు, దానంతటదే తిరుగుతుంది, దానంతటదే ఆగుతుంది. నువ్వు బటన్ నొక్కావు, పెరడు దాటావు, మేడెక్కావు, పని కానిచ్చావు. తిరిగొచ్చి ఏమీ ఎరగనట్టు దాని పక్కన నిలబడ్డావు. యాభై నిమిషాలు మెషిన్ కాపలా కాశానంటే నమ్మడానికి నేను నిన్నగాక మొన్న పుట్టలేదు."

ఆల్గోట్ మొహంలో మొదటిసారి కోపం కనిపించింది. హత్యాయత్నం అన్నప్పుడు రాని కోపం.

"ఆ ప్రోగ్రామా? నాలుగు వారాల తర్వాత ఆ ప్రోగ్రాం వేస్తానా నేను? అది రోజూ పొద్దున వేసేది. ముందురోజు సాయంత్రందాకా తిరిగిన మెషిన్‌కి వేసేది."

డాగ్నీ చటుక్కున తలెత్తింది. "అది ఎంతసేపు నడుస్తుంది?"

"పన్నెండు నిమిషాలు."

రుత్గెర్ బల్ల మీంచి చేతులు తీశాడు.

"ఫోర్‌మన్ నీకు అది ఎంతసేపు నడుస్తుందో చెప్పలేదా?" అని డాగ్నీ అడిగింది.

"నేను అడగలేదు," అన్నాడు రుత్గెర్. అబద్ధం చెప్పని మనిషి, ఆ ఒక్క గుణం మాత్రం డాగ్నీ అతనిలో ఎప్పుడూ ఒప్పుకుంటుంది. "కానీ మెషిన్ ఐదూ యాభై రెండు నుంచి ఆరూ నలభై మూడు దాకా తిరిగింది. అది రికార్డులో ఉంది. ప్రోగ్రాం నాలుగుసార్లు వేసుకుని ఉండొచ్చు."

"అయితే పదండి. మెషిన్నే అడుగుదాం."

*

ఆ మెషిన్ హాలు చివర, అద్దాల పైకప్పు కింద ఉంది. మనిషెత్తు ఉక్కు గది, దానికి జారే తలుపు. లోపల పైనుంచి వేలాడుతున్న లావుపాటి స్తంభం స్పిండిల్. కోత పనిముట్టును పట్టుకుని నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిప్పేది అదే. ఆ వేగానికి పుట్టే వేడిని లాగేయడానికి దాని ఒంటి చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళు చల్లబరిచే పెట్టె మెషిన్ వెనక, రెండు గొట్టాలతో అతుక్కుని ఉంది.

"ఉదయం వచ్చింది మొదలు ఏమేం చేశారో, అదే వరసలో చేసి చూపించండి," అంది డాగ్నీ.

ఆల్గోట్ చెక్కజోళ్ళు టకటకలాడించుకుంటూ ముందుగా మెషిన్ వెనక్కి వెళ్ళాడు. నీళ్ళ పెట్టె ఆన్ చేసి, పారదర్శకంగా ఉన్న గొట్టం మీద టార్చి వేసి వంగి చూశాడు.

"ముందు నీళ్ళు. గాలి బుడగలుంటే పోయేదాకా ఆగాలి. నీళ్ళు తిరగని స్పిండిల్ని తిప్పేవాడికి నా హాల్లో చోటు లేదు." బుడగలు పోయాయి. ఇవతలికి వచ్చి కంట్రోల్ డబ్బా ముందు నిలబడ్డాడు. "ఇప్పుడు స్పిండిల్. లోపల బేరింగులున్నాయి, ఉక్కు గోలీల్లాంటివి. వాటికి గ్రీజు. నెల్లాళ్ళు కదలకపోతే గ్రీజంతా ఒకవైపు దిగిపోతుంది. ఒక్కసారిగా తిప్పామంటే ఎండు గోలీలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. పదిహేను నిమిషాల్లో లక్షల సొమ్ము తుక్కయిపోతుంది. అందుకని మూడు వేలతో మొదలుపెట్టి, కాస్త కాస్త పెంచుతూ పోతాను. ఒళ్ళు వెచ్చబడిందా, చప్పుడు సాఫీగా ఉందా, అప్పుడు ఇంకాస్త."

డాగ్నీకి తన ఎడమ మోకాలు గుర్తొచ్చింది. పొద్దున్నే డజను మెట్లు దిగితే గానీ అది ఆమె మాట వినదు. ఈ మనిషి చెప్పేది ఆమెకు చక్కగా అర్థమైంది.

"అదంతా ప్రోగ్రాంలో రాసుకోవచ్చుగా?" అన్నాడు రుత్గెర్.

"రాసుకోవచ్చు. ప్రోగ్రాంకి గడియారం తెలుసు. బేరింగు సంగతి తెలీదు. టైమయిందని పెంచేస్తుంది. నేను చెయ్యేసి చూస్తాను." ఆల్గోట్ అరచేయి చూపించాడు. "సిక్‌స్టెన్ వాళ్ళ నాన్న నేర్పాడు. సెలవుల తర్వాత మొదటి సోమవారం అందరికంటే గంటన్నర ముందు ఒక్కడు రావాలి, మెషిన్ని చేత్తో లేపాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఒక్కణ్ణీ నేనే. ఈ ఊళ్ళో ఏ వర్క్‌షాపులోనైనా ఇంతే, అడిగి చూడండి."

"ఇవాళ వేగం ఎన్నిసార్లు మార్చారు?" డాగ్నీ నోట్‌బుక్ తెరిచింది. "రికార్డు తెరవకముందే చెప్పండి."

అతను కళ్ళు మూసుకున్నాడు. "మూడు వేలతో పది నిమిషాలు. తర్వాత ఆరు వేలు. అక్కడ నాకు చప్పుడు నచ్చలేదు. రెండు నిమిషాలకే మళ్ళీ మూడు వేలకి దింపేశాను. దింపి, చెయ్యేసి, కాసేపాగి, ఈసారి వెయ్యి వెయ్యి చొప్పున ఎక్కించాను. ఆరు దాటాక వెయ్యిన్నర చొప్పున. నాలుగైదు నిమిషాలకోసారి. పన్నెండు వేలకెళ్ళాక ఐదు నిమిషాలు చూసి ఆపేశాను."

డాగ్నీ రాసుకుంది. తర్వాత ఫోర్‌మన్ ఇచ్చిన పాస్‌వర్డ్ కొట్టి రికార్డు తెరిచింది. రుత్గెర్ ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు. వరసలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ప్రతి వరస చివర 'ప్రోగ్రాం' అని గానీ 'చేత్తో' అని గానీ పడుతుంది. ఇవాళ్టి వరసలన్నిటికీ 'చేత్తో' అనే ఉంది.

ఆమె పైకి చదివింది. "ఐదూ యాభై రెండు, మూడు వేలు. ఆరూ రెండు, ఆరు వేలు. ఆరూ నాలుగు, మళ్ళీ మూడు వేలు. ఆరూ తొమ్మిది, నాలుగు వేలు. ఆరూ పద్నాలుగు, ఐదు వేలు. ఆరూ పద్దెనిమిది, ఆరు. ఇరవై మూడు, ఏడున్నర. ఇరవై ఎనిమిది, తొమ్మిది. ముప్పై మూడు, పదిన్నర. ముప్పై ఎనిమిది, పన్నెండు. నలభై మూడు, ఆపు."

"ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంది," అని రుత్గెర్ మెల్లగా అన్నాడు.

"వేగం మార్చాలంటే ఈ నాబ్ తిప్పాలి. నాబ్ తిప్పాలంటే ఇక్కడుండాలి. ఆరూ అయిదు తర్వాత అన్నిటికంటే పెద్ద సందు ఐదు నిమిషాలు. ఇక్కడినుంచి డ్రాయింగుల గదికి ఎంతసేపు?"

రుత్గెర్ తెర మీది వరసల్నే చూస్తున్నాడు.

"పొద్దున నువ్వే నడిచి చూశావు రుత్గెర్. స్టాప్‌వాచీతో. రిపోర్టులో నువ్వే రాశావు."

"మూడు నిమిషాల నలభై సెకన్లు."

"అది వెళ్ళడానికే. రావడానికి ఇంకో మూడూ నలభై. అది కూడా నీ కాళ్ళతో. ఆయనవి అరవైకి దగ్గరపడ్డ కాళ్ళు, పైగా చెక్కజోళ్ళు."

రుత్గెర్ గడ్డం గోక్కున్నాడు. ఓడిపోవడం ఇష్టం లేని మనిషి ఆఖరి మెట్టు మీద నిలబడి చేసే పని అది. "నాబ్ తిప్పడానికి ఇంకొకణ్ణి పెట్టుకుని ఉండొచ్చు."

"పెట్టుకోవచ్చు. అప్పుడు లోపల ముగ్గురున్నట్టు. ఆరూ నలభై దాకా గేటు కార్డులు ఇద్దరివే కాబట్టి నేరం ఇతనిదే అని కదా నీ వాదన? మూడోవాడు కార్డు లేకుండా రాగలిగితే, ఇతని మీదే పడటానికి నీ దగ్గర మిగిలిందేమిటి? కేకు దగ్గర అన్న మాటా?"

హాల్లో నీళ్ళ పెట్టె గురగురమంటోంది. రుత్గెర్ రికార్డును మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, ఇద్దరికీ వినబడేలాగే ప్రాసిక్యూటర్‌తో మాట్లాడాడు.

"రుత్గెర్‌ని. ఆల్గోట్ టోర్నెల్ అరెస్టు వద్దు. అవును, పొద్దున పట్టుబట్టి అడిగింది నేనే. ఇప్పుడు నేనే వద్దంటున్నాను. అలిబై ఉంది, ఆ వేళ ఇక్కడే ఉన్నాడు. మెషిన్ చెప్పింది... తర్వాత వివరంగా చెబుతాను." ఫోన్ పెట్టేసి ఆల్గోట్ వైపు తిరిగాడు. "మీరిక వెళ్ళొచ్చు. నా పొరపాటు."

పొద్దుటినుంచీ 'నువ్వు' అన్నవాడు 'మీరు'లోకి దిగాడని డాగ్నీ గమనించింది. ఈ ఊళ్ళో ఆమెకు తెలియని ఇల్లు లేదు. ఆల్గోట్ భార్య మైలిస్ రెండు గంటలుగా గేటు బయట కారులో కూర్చుని ఉంది. ఆమె దగ్గరకు వెళ్ళి ఏం చెప్పాలా అని డాగ్నీ పొద్దుటినుంచీ మథనపడుతోంది. ఇప్పుడు చెప్పడానికి మంచి మాటే దొరికింది.

ఆల్గోట్ మాత్రం కదల్లేదు. చెక్కపెట్టె మీద కూలబడి, రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. "వెళతానమ్మా. మైలిస్‌కి చెబుతాను. కాస్త కూర్చోనీండి." కాసేపటికి తలెత్తి, "ఒక్కటి మాత్రం నాకు బోధపడలేదు," అన్నాడు.

"ఏమిటి?"

"ఆ చప్పుడు. ఆరు వేల దగ్గర. జులైలో నేను ఆపినప్పుడు లేదది. ఊరికే ఉన్న మెషిన్‌కి దెబ్బ ఎలా తగులుతుంది?"

*

డాగ్నీ మళ్ళీ తెర ముందుకు వెళ్ళింది. ఇందాక వేగాలు మాత్రమే చదివింది. ఈసారి అంతకు ముందు వరసలు చూసింది. జులై నాలుగు తర్వాత ఏమీ లేదు. దాని వెంటనే ఇవాళ, ఐదూ ముప్పై ఆరు, ఆల్గోట్ మెయిన్ స్విచ్ వేసిన వరస. వేగం సున్నా. పక్కనే రెండు చిన్న అంకెలు.

"ఇవేమిటి?"

"ఒకటి హాల్లో వేడి, ఒకటి స్పిండిల్‌లో వేడి. స్విచ్ వేయగానే అదే రాసుకుంటుంది."

"హాలు పదిహేడు," అని ఆమె చదివింది. "స్పిండిల్ ముప్పై నాలుగు."

ఆల్గోట్ లేచి వచ్చాడు. కళ్ళద్దాలు పైకి జరిపి చూశాడు, కిందికి దించి చూశాడు.

"అలా ఉండకూడదు. నాలుగు వారాలు ఆగి ఉన్నది హాలు ఎంతుంటే అంతే ఉండాలి."

"మీరు చెయ్యేశారు కదా?"

"వేశాను. కాస్త వెచ్చగా తగిలింది. పైన అద్దాల కప్పు, ఆగస్టు ఎండ, అందుకనుకున్నా. ఇంకా నయం, తొందరగా లేస్తుందనుకున్నా." అతను పైకి చూశాడు. "ఐదున్నరకి ఎండ ఇక్కడిదాకా దిగదు కదూ. ఎంత తెలివితక్కువవాణ్ణి."

"వెచ్చగా ఉన్నా పూర్తిగా యాభై నిమిషాలూ చేశారా?" అని రుత్గెర్ అడిగాడు.

"పద్ధతి పద్ధతే కదండీ."

డాగ్నీ తెర మీద వేలు పెట్టింది. "అంటే మీరొచ్చేముందు ఎవరో దీన్ని తిప్పారు. పని అయ్యాక ఆ వరసల్ని చెరిపేశారు. జులై నాలుగు తర్వాత ఏమీ జరగనట్టు చేసి, కట్టేసి పోయారు. వరసలు చెరిగిపోయాయి గానీ వేడి పోలేదు."

రుత్గెర్ అప్పటికే మెషిన్ పక్కనున్న తురుము డబ్బా మూత తీస్తున్నాడు. కోతలో రాలిన లోహమంతా అందులో పడుతుంది. సెలవులకు ముందు దాన్ని ఖాళీ చేసి కడగడం ఆఖరిరోజు పని. డబ్బా అడుగున రెండు గుప్పెళ్ళ తెల్లని తురుము, తళతళలాడుతూ ఉంది.

"అల్యూమినియం," అన్నాడు ఆల్గోట్. "మేం జూన్ అంతా ఇత్తడి కోశాం. డబ్బా నేనే కడిగి బోర్లించి పోయాను."

"ఎంతసేపటి పని ఇది?"

"గంట, గంటంపావు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలెట్టి ఉంటాడు. అదీ సంగతి. వేడెక్కించకుండా ఒకేసారి పన్నెండు వేలకి కొట్టి ఉంటాడు. నాకు వినబడ్డ మూలుగు అదే. చంపేశాడు నా మెషిన్ని." ఆల్గోట్ స్పిండిల్ ఒంటి మీద చెయ్యి వేశాడు.

డాగ్నీ ఆగింది. తొందరపడితే ఈ మనిషి మూసుకుపోతాడని ఆమెకు తెలుసు. "ఆల్గోట్, నాకు మెషిన్లు తెలీవు. ఒకటి చెప్పండి. పని ఐదుకో, ఐదూ పదికో అయిపోయిందనుకోండి. నీళ్ళు తిరుగుతుంటే స్పిండిల్ ఎంతసేపట్లో చల్లబడుతుంది?"

"పది నిమిషాలు. అందుకే స్పిండిల్ ఆపాక పది నిమిషాలు నీళ్ళు తిరగనివ్వాలి. తర్వాతే పెట్టె కట్టాలి. అలా చేసి ఉంటే నాకు పదిహేడే కనబడేది."

"అయితే ఇతను చేయలేదు. స్పిండిలూ నీళ్ళూ ఒకేసారి కట్టేశాడు. అందుకే వేడి లోపలే ఉండిపోయింది."

ఆల్గోట్ మొహంలో రంగు మారడం ఇద్దరూ చూశారు.

"అలా కట్టేసే అలవాటు ఎవరికుంది?" అని డాగ్నీ అడిగింది.

అరెస్టు తప్పిన మనిషి నేల చూపులు చూస్తున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పి ఉంటారు అతనికి?"

"వందసార్లు." మాట దాదాపు వినబడలేదు. "అమ్మా, వాణ్ణి సిక్‌స్టెన్ కన్నకొడుకులా పెంచాడు. చెల్లెలి కొడుకు. ఈ వర్క్‌షాపు వాడికే రాసిపెడతానంటాడు. నేను వాడి పేరు చెప్పి, అది నిజం కాకపోతే?"

"పేరు చెప్పకపోతే, నిజమైతే?"

అతను ఊపిరి తీసుకున్నాడు. "హెన్నింగ్."

"అతనికి కార్డు ఉంది, కానీ ఇవాళ తెల్లవారుజామున గీయలేదు," అన్నాడు రుత్గెర్.

"సరుకు దించే వెనక తలుపుకు కార్డు లేదండీ. పాతకాలం తాళం. దానికి మూడు తాళంచెవులు. ఒకటి సిక్‌స్టెన్‌ది, ఒకటి ఆఫీసు గోడ మీద, ఒకటి హెన్నింగ్‌ది. నన్నెవరూ అడగలేదు."

రుత్గెర్ ఈ దెబ్బ కూడా తిన్నాడు. డాగ్నీ అతని వైపు చూడలేదు. ఇలాంటప్పుడు చూడకపోవడమే మర్యాద. ఆమె బుర్రలో వరస కుదురుతోంది. హెన్నింగ్ ఎవరికో దొంగచాటు పని ఒప్పుకున్నాడు. కొలతలు కావాలంటే డ్రాయింగుల గది, కోతకు ఈ మెషిన్. సెలవుల ఆఖరి తెల్లవారుజాము అయితే హాల్లో ఎవరూ ఉండరు. తీసిన డ్రాయింగుల్ని మళ్ళీ పెట్టేయడానికి మేడెక్కాడు. ఈలోగా కింద గేటు తెరుచుకుంది. సెలవులయ్యాక మొదటి సోమవారం ఆల్గోట్ గంటన్నర ముందొస్తాడన్న సంగతి, నీళ్ళ సంగతి మరిచినట్టే మరిచిపోయి ఉంటాడు. పెరట్లోకి దిగలేక మేడ మీదే ఉండిపోయాడు. తర్వాత సిక్‌స్టెన్ డ్రాయింగుల గది తలుపు తీశాడు. పట్టుబడ్డవాడు దిమ్మెతో కొట్టి, మెషిన్ చప్పుడు మాటున వెనక తలుపు దారిన జారుకున్నాడు.

"పొద్దున ఏడున్నరకి నాకు కనిపించాడు," అన్నాడు రుత్గెర్. "సరస్సు దగ్గర వాళ్ళ కాటేజి నుంచి నేరుగా వస్తున్నానన్నాడు. భుజాన సంచి కూడా ఉంది. మామయ్యను అలా చూసి ఏడ్చాడు. నేను ఓదార్చాను."

"ఇప్పుడెక్కడున్నాడు?"

రుత్గెర్ చేతిలోని డబ్బా మూత కింద పెట్టాడు. "ఆసుపత్రిలో. సిక్‌స్టెన్ దగ్గర. మనవాళ్ళెవరూ ఖాళీ లేరు, రక్తసంబంధీకుడు కదా, పక్కన కూర్చోమని నేనే పంపాను."

*

డాగ్నీ ఆసుపత్రి నంబరు కొట్టి ఫోన్‌ను అందరికీ వినబడేలా స్పీకర్‌లో పెట్టింది. ఒకసారి మోగింది. రెండోసారి. మూడు. ఆల్గోట్ పెట్టె అంచును రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఐదోసారికి ఎత్తారు.

"వార్డు నాలుగు, సిస్టర్ బోడిల్‌ని."

"పోలీసు. డాగ్నీ లిండెల్‌ని మాట్లాడుతున్నా. సిక్‌స్టెన్ బెర్గ్‌వాల్ ఎలా ఉన్నారు?"

"అబ్బ, మంచి టైముకు చేశారు. పావుగంట క్రితమే కళ్ళు తెరిచారు. డాక్టర్ చూశారు, గండం గడిచినట్టే అన్నారు."

ఆల్గోట్ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. అది ఏడుపో నవ్వో అతనికే తెలిసినట్టు లేదు.

"ఆయన దగ్గర ఎవరున్నారు సిస్టర్?"

"ఇప్పుడు నేనే. డాక్టర్ చూసేటప్పుడు మేనల్లుణ్ణి బయటికి పంపించాం. తలుపు బయటే కుర్చీలో ఉన్నాడు పాపం, మామయ్య మాట్లాడుతున్నాడా, ఏమైనా చెప్పాడా అని క్షణానికోసారి అడుగుతున్నాడు. ఈయనేమో స్పృహ వచ్చినప్పటినుంచీ ఒకటే కలవరింత. హెన్నింగ్, హెన్నింగ్ అని. వేరే మాటే లేదు. అంత ప్రేమ. అందుకే అబ్బాయిని లోపలికి పిలిచి, ఇద్దర్నీ కాసేపు ఏకాంతంగా వదిలేద్దామని..."

"సిస్టర్." డాగ్నీ గొంతు పెంచలేదు. "అతన్ని లోపలికి రానివ్వకండి. మీ మొహంలో ఏమీ కనబడనివ్వకండి. ఇప్పుడు నేను చెప్పేది విని, ఊరికే ఊ అనండి. ఆయన మేనల్లుణ్ణి పిలవడం లేదు. తనను కొట్టిందెవరో చెబుతున్నారు."

అవతలినుంచి నిదానంగా, "ఊ," అని వినబడింది.

"ఆ గదికి లోపలినుంచి గడియ ఉందా?"

"ఊ." టక్కుమన్న చిన్న చప్పుడు ఫోన్లోనే వినబడింది. ఆ వెంటనే ఎవరో తలుపు మీద వేళ్ళతో తట్టారు. దూరంగా మగగొంతు ఏదో అడిగింది.

సిస్టర్ బోడిల్ గొంతు మారింది. ఇరవై ఏళ్ళుగా రోగుల బంధువుల్ని అదుపులో పెట్టిన గొంతది. "ఒక్క నిమిషం బాబూ, పక్కబట్టలు మారుస్తున్నాం. ఈలోగా ఆ చివర కౌంటర్లో బంధువుల కాగితాలున్నాయి, పూర్తి చేసి సంతకం పెట్టాలి. అవి లేకుండా లోపలికి పంపనివ్వరు. ఏడు పేజీలు." అడుగుల చప్పుడు దూరమైంది. ఆమె గొంతు తగ్గించింది. "వెళ్ళాడు. మొదటి రెండు పేజీలు తప్పుగా నింపాడని వెనక్కిమ్మని చెబుతాను కౌంటర్లో అమ్మాయికి. మీకెంతసేపు పడుతుంది?"

రుత్గెర్ అప్పటికే రెండో ఫోన్లో ఆసుపత్రికి దగ్గరలో ఉన్న పోలీసు గస్తీ కారును పిలిచాడు. నాలుగు వేళ్ళు చూపించాడు.

"నాలుగు నిమిషాలు," అంది డాగ్నీ.

"మా కాగితాలకి నాలుగు నిమిషాలు ఓ లెక్కా?" అంది సిస్టర్ బోడిల్.

ఫోన్ అలాగే తెరిచి ఉంచారు. ముగ్గురూ మెషిన్ చుట్టూ నిలబడి, ఆ నాలుగు నిమిషాలూ ఒక ముసలాయన ఊపిరి వింటూ గడిపారు. మధ్యలో అతను మళ్ళీ ఆ పేరే గొణిగాడు. సిస్టర్ అతనికి ధైర్యం చెబుతోంది. "తెలిసిందండీ, వాళ్ళకి తెలిసిపోయింది. ఇక నిద్రపోండి." ఆ తర్వాత బయట బూట్ల చప్పుడు, ఎవరో కుర్చీ తన్నిన చప్పుడు, "ఇంకా మూడు పేజీలున్నాయి," అని ఎవరో అమ్మాయి గొంతు, "అవి మేం నింపుతాంలే," అని గంభీరమైన గొంతు వినిపించాయి.

రుత్గెర్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. "నేనే పంపాను డాగ్నీ. నేనే చెయ్యి పట్టుకుని పంపాను."

"పంపావు. సిస్టర్ ఆపింది. రిపోర్టులో రెండూ రాయి."

ఆల్గోట్ ఫోన్ దగ్గరకు వంగాడు. "సిస్టర్, ఆయనకి వినబడుతుందా? నేను ఆల్గోట్‌ని."

"చెప్పండి. చెవి దగ్గర పెడుతున్నా."

అతను ఒక్కటే అన్నాడు. "ఒరే, నువ్వు బతికున్నావు. చాలు. అమ్ముకుంటే అమ్ముకో దాన్ని."

అని ఫోన్ డాగ్నీ చేతిలో పెట్టి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుని, గేటు బయట కారులో కూర్చున్న భార్య దగ్గరకు బయలుదేరాడు.